పెదవల పాట

మా చెల్లెలు పద్మినికి ఏ పనైనా తాళంలో ఉండాలి. అమ్మ ఉల్లిపాయలు తరుగుతుంటే లయ తప్పావంటుంది. అండమాన్‌లో రంగత్ నుంచి డిగ్లీపూర్‌కి బస్సు నడిపేవాణ్ణి నేను. నా హారన్‌కి కూడా శ్రుతి లేదని పేరు పెట్టింది. విశాఖపట్నంలో పదేళ్ళు కీబోర్డు వాయించి, సినిమాలకి నేపథ్య సంగీతం చేసేవాళ్ళ దగ్గర పనిచేసి, ఒకనాడు ఫోన్లో "నేనే సినిమా తీస్తానన్నయ్యా" అంది. నేను కడుపు పట్టుకుని నవ్వాను. తీరా చూస్తే రెండు చిన్న సినిమాలు తీసేసి, మొదటి పెద్ద సినిమాకి మా ఊరికే దిగింది. నా చేత సెలవు పెట్టించి సామాన్లు మోయించింది.

కథ మా తాతలదే. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి ఇక్కడ వల వేసినవాళ్ళది. చివర్లో వాళ్ళు తొలిసారి పెదవలని, అంటే అందరూ కలిసి లాగే పెద్ద వలని, ఒడ్డుకి లాగాలి. ఆ లాగుడుకి పద్మిని ఏడాదిపాటు కూర్చుని ఒక పాట కట్టి రికార్డు చేసుకొచ్చింది. అబద్ధమెందుకు, వింటే నా ఒళ్ళు పులకరించింది. కాకపోతే కెమెరా అద్దెది, సాయంత్రానికల్లా చెన్నై ఓడకి పంపేయాలి. వల ఒక్కసారే పడుతుంది. ఆ సన్నివేశం రాకపోతే సినిమాకి ముగింపే లేదు.

పొద్దున్నే పడవలో వెళ్ళి వల వేసొచ్చారు. ఇరవై మంది తాళ్ళు పట్టుకున్నారు. అందులో మా అమ్మ అసిరమ్మ కూడా ఉంది. స్పీకర్లో పాట మొదలైంది. అంతే, అంతా రసాభాస. ఒకడు లాగేసరికి ఇంకొకడు వదులుతున్నాడు. నూకన్న వెల్లకిలా పడ్డాడు. పద్మిని చేతులు చరుస్తూ "తాళం! తాళం తప్పుతున్నారు!" అని అరిచింది. వల జానెడు కదల్లేదు.

వల లాగేవాళ్ళకి పెద్దైన గవరయ్య తాత తాడు పక్కవాడికిచ్చి వచ్చాడు.

"పాపా, పాట బాగుంది గాని స్పీడు ఒకటే ఉంది. వల బరువెక్కితే ఆగి ఆగి వొస్తాది, కెరటమొస్తే జల్దీ వొచ్చేస్తాది. సముద్రం ఏటి, నీ డబ్బా మాట ఇంటాదా?"

"ఈ పాటని బట్టే షాట్లన్నీ రాసుకున్నాను తాతా. ఇది తీసేస్తే నా దగ్గరేం లేదు."

"వలుంది గదే!"

ఇక దీని కోపం చూడాలనుకున్నాను. డోలు నడక తప్పిందని పెళ్ళి ఊరేగింపునే ఆపేసిన ఘటం ఇది. పద్మిని సముద్రం వంక చూసి, వెళ్ళి స్పీకర్ వైరు పీకేసింది.

"శ్రీను భయ్యా, కెమెరా ఆన్ చెయ్. నేను ఆపమనేదాకా ఆపకు" అంది కెమెరామన్‌తో.

గవరయ్య తాత గొంతెత్తాడు.

"బస్సు డ్రైవరొచ్చాడురా!"

"హైలెస్సా!"

"బొజ్జ ఊపి లాగమనరా!"

"హైలెస్సా!"

నవ్వుతూనే వెళ్ళి తాడు పట్టుకున్నాను. బరువు తగిలినప్పుడు పాట సాగింది, కెరటం తోసినప్పుడు పరుగెత్తింది. పద్మిని కళ్ళు మూసుకుని వింది. దాని పాదం దానంతటదే కదలడం మొదలెట్టింది. చెప్పులు విసిరేసి వచ్చి అమ్మ వెనక తాడు పట్టుకుంది. అమ్మ వెనక్కి తిరిగి చూసి ఇంకా గట్టిగా లాగింది.

వల ఒడ్డెక్కింది. కానాగంతలు, కవళ్ళు, ఇంకా ఏవేవో చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి. జనం కేకలు, ఈలలు. శ్రీను పరుగెత్తుకొచ్చాడు.

"దీదీ, ఆప్ కట్ బోలే హీ నహీ! నువ్వు కట్ అననేదు, నేనూ ఆపనేదు. మొత్తం వొచ్చేసింది!"

పద్మిని ఒరుసుకుపోయిన అరచేతులు చూసుకుని పకపకా నవ్వింది.

గవరయ్య తాత ఇసుక మీద చేపలు కుప్పలు పోసి, ఒక్కొక్కరినీ పిలిచి ఇస్తున్నాడు. పద్మినిని కూడా పిలిచాడు.

"నాకెందుకు తాతా? నేను డైరెక్టర్ని కదా."

"డైరెట్రువైతే నాకేటి? తాడట్టినావు. ఇది నీ వంతు, పట్టు."

పద్మిని చున్నీ చాపింది. పదేళ్ళ వాయింపుకి అది ఇంటికి తెచ్చిన శాలువాలు, జ్ఞాపికలు మా బీరువా నిండా ఉన్నాయి. వాటిలో ఒక్కటి కూడా అది ఎవరికీ చూపించుకోలేదు. ఆ పూట మాత్రం నీళ్ళు కారే చున్నీ పట్టుకుని ఒడ్డంతా తిరుగుతూ కనబడ్డ ప్రతివాడికీ చూపించింది.

"ఇది నా వంతు! చూడన్నయ్యా, నా వంతు!"