ఎడమచేతి ఒర

వంపు దగ్గరికి రాగానే ఆమె పెడలు మీద నుంచి కాలు తీసేసి, మిషను చక్రాన్ని చేత్తో తిప్పడం మొదలుపెట్టింది. నిటారు కుట్టు ఎవరైనా వేస్తారు. పిస్తోలు ఒర కింది వంపు దగ్గరే పనితనం బయటపడుతుంది. రెండు పొరల మందపాటి తోలు, మధ్యలో సన్నటి పట్టీ, మూడింటినీ దాటుకుని సూది దిగినప్పుడు టక్కుమని ఒక చప్పుడు వస్తుంది. అది బోలుగా వినబడిందంటే దారం బిగువు తప్పిందని లెక్క. ఆమె ఒక్కొక్క కుట్టే దింపుతూ, తోలును వేళ్ల కొసలతో కొంచెం కొంచెంగా తిప్పుతూ వంపు దాటించింది. చివర రెండు మూడు కుట్లు వెనక్కి వేసి, దారం కత్తిరించి, కొసను అగ్గిపుల్లతో కాల్చి బొటనవేలితో నొక్కేసింది. ఆ వేలికి వేడి తెలియడం మానేసి చాలా కాలమైంది.

ఒరను రేకు పళ్లెంలో పెట్టి ముందుకు తోసింది. పళ్లెం బల్ల మీద జారుకుంటూ పోయి అవతలి చివర ఆగింది. అక్కడ ఆమె అన్నయ్య కూర్చుని ఉన్నాడు. తల ఎత్తకుండానే పళ్లెం అందుకుని, ఒరను కిటికీ వెలుతురులో ఒకసారి తిప్పి చూసి, అంచుకు ఉప్పుకాగితం పెట్టాడు.

ఇద్దరి మధ్యా ఉన్నది ఒక బల్ల. లేనిది మాట. ఏళ్లు గడిచిపోయాయి, ఆ బల్ల మీద పళ్లెం అటూ ఇటూ జారుతూనే ఉంది, మాట మాత్రం ఒక్కసారి కూడా జారలేదు.

ఆ షెడ్డులో ఆమెను అందరూ మిషనక్క అంటారు. ఆయన్ని మెరుపు మేస్త్రి అంటారు, ఆయన రుద్దిన అంచు అద్దంలా మెరుస్తుంది కాబట్టి. ఒర ఆయన చేతుల్లో మొదలై ఆయన చేతుల్లోనే ముగుస్తుంది. తోలు మీద అట్ట పెట్టి గీసేదీ కోసేదీ ఆయనే. ఆమె కుట్టాక అంచు అరగదీసి, తడిగుడ్డతోనూ మైనంతోనూ నున్నగా రుద్ది, లోపల చెక్క పిస్తోలు దోపి ఆకారం తెచ్చి, రంగూ నూనే పట్టించేదీ ఆయనే. మధ్యలో పని ఆమెది. ఇద్దరిలో ఏ ఒక్కరు లేకపోయినా ఒర ఒరగా బయటికి రాదు. అలాంటివాళ్లు ఎడమొహం పెడమొహంగా ఉంటూ ఇన్నేళ్లు పని నెట్టుకొచ్చారంటే, దానికీ ఒక పద్ధతి ఏర్పడింది మరి.

కుట్టు ఎక్కడైనా వెంట్రుకవాసి పక్కకి పోతే ఆమె అక్కడ చిన్న ఎర్ర దారం ముక్క ముడి వేసి పంపుతుంది. ఇక్కడ చూసి రుద్దు అని దానర్థం. ఆయన అక్కడ ఇంకాస్త అరగదీసి, అంచును కుట్టుతో సమానం చేసి, ఆ దారాన్ని తెంపి ఖాళీ పళ్లెంలో పడేసి వెనక్కి తోస్తాడు. అయిపోయింది అని దానర్థం. దారంతో తెగని విషయాలు టీ అత్త మీదుగా నడుస్తాయి. టీ అత్త పొద్దునా మధ్యాహ్నమూ కెటిల్ పట్టుకుని వస్తుంది.

"అత్తా, బెల్టు పట్టీ ఇంకాస్త వెడల్పుగా కోస్తే బాగుంటుందని గీసేవాళ్లకి చెప్పు" అంది మిషనక్క ఆ పొద్దున.

"విన్నావుగా మేస్త్రీ?"

"విన్నాను. అలాగేనని కుట్టేవాళ్లకి చెప్పు."

"నేను కెటిల్ మోయడానికి వచ్చానా, మీ మాటలు మోయడానికి వచ్చానా?" అని టీ అత్త గ్లాసులు చప్పుడయ్యేలా పెట్టి వెళ్లిపోయింది. ఈ మాటా ఆవిడ రోజూ అనేదే.

ఇంతా చేసి, ఇళ్ల మధ్య తగువేమీ లేదు. వదిన ఆదివారం ఆదివారం వస్తుంది. వదినా ఆడపడుచూ మధ్యాహ్నమంతా కబుర్లు చెప్పుకుంటారు. సాయంత్రం అన్నయ్య సైకిలు వేసుకుని వచ్చి, గుమ్మం ముందు కాలు కింద ఆనించి, సీటు దిగకుండా గంట కొడతాడు. "టీ తాగి వెళ్లమని చెప్పు వదినా" అంటుంది మిషనక్క, గుమ్మంలో నిలబడి, ఆయనకి వినబడేలాగే. "నువ్వే చెప్పు, నోరు పడిపోయిందా?" అంటుంది వదిన. పడిపోలేదు గానీ, లేవడమూ లేదు.

తగువు వచ్చింది ఎడమచేతి ఒరల దగ్గర. ఒరకు అట్ట ఒక్కటే ఉంటుంది. మామూలుగా పెట్టి గీస్తే కుడిచేతి ఒర వస్తుంది, తిరగేసి గీస్తే ఎడమచేతిది వస్తుంది. ఎప్పుడో గానీ రాని ఎడమచేతి ఆర్డరు ఒకటి పెద్దది వచ్చినప్పుడు, అన్నయ్య అట్ట తిరగేయడం మరిచిపోయాడు. గీశాడు, కోశాడు. ఆమె కుట్టేసింది. ఒక్కటి మిగలకుండా అన్నీ కుడిచేతివైపోయాయి. గుడ్డయితే విప్పి మళ్లీ కుట్టుకోవచ్చు. తోలుకు సూది దిగిన చిల్లు ఇక పూడదు. ఓనరు కేకలేస్తుంటే అన్నయ్య బెదిరిపోయి, అందరి ముందూ చెల్లెలి మీదికి తిరిగాడు. "కుడీ ఎడమా తెలియని దాన్ని మిషను మీద కూర్చోబెట్టాను చూడు, నాదీ బుద్ధితక్కువ" అన్నాడు. ఆ మిషను సూదిలో దారం ఎక్కించడం ఆమెకు నేర్పింది ఆయనే. ఆమె అప్పుడు ఏమీ అనలేదు. ఆ తరవాతా ఏమీ అనలేదు.

అనవలసిన మాట మాత్రం ఒకటి లోపలే ఉండిపోయింది. మూడో ఒర కుట్టి, పట్టీ సరిగ్గా ఉందో లేదోనని నడుముకు ఆనించి చూసుకున్నప్పుడే, అది కుడిచేతిదని ఆమెకు తెలిసిపోయింది. లేవబోయింది కూడా. అంతలో, గీసింది అన్నయ్య కదా, అన్నయ్య చేతిలో తప్పెందుకు ఉంటుంది, నాకే ఎక్కడో తిరకాసు పడి ఉంటుంది అనుకుంది. తన కళ్లకన్నా అన్నయ్య చేతినే నమ్మి, మిగిలినవన్నీ కుట్టుకుంటూ పోయింది. ఈ ఒక్క సంగతీ ఆయనకు చెప్పాలి. చెల్లెలికి కుడి ఎడమలు తెలియవనుకుంటూనే ఆయన ముసలివాడైపోతున్నాడు. ఈమధ్య షెడ్డు మెట్లు ఎక్కి వచ్చి కూర్చున్నాక చాలాసేపు ఆయాసపడుతున్నాడు. ఆ ఆయాసం వినబడినప్పుడల్లా, చెప్పకుండానే ఉండిపోతానేమోనని ఆమెకు భయం వేస్తోంది. భయం వేసినా, చేతికి అలవాటైన పళ్లెమే తోస్తోంది.

భోజనాల వేళ దాటాక ఓనరు వాళ్ల బల్ల దగ్గరికి వచ్చాడు. మామూలుగా ఎవరో ఒకరి దగ్గర నిలబడి మాట్లాడి వెళ్లిపోయే మనిషి, ఇవాళ బల్ల మధ్యలో నిలబడ్డాడు.

"ఒక్కటే ఉంది. ఎడమచేతిది" అన్నాడు. "బ్యాంకు దగ్గర కాపలా ఉండే మనిషి. కుడి భుజం పట్టేసిందట, ఎడం చేత్తో అలవాటు చేసుకుంటున్నాడు. మేం ఎడమచేతివి చేయడం మానేశామని చెప్పాను, వినలేదు. మీరిద్దరూ కలిసి చేస్తారో, కలిసి నన్ను చంపుతారో మీ ఇష్టం."

అన్నయ్య అట్ట తీశాడు. తోలు మీద పెట్టాడు. తిరగేశాడు. ఎత్తి చూసి మళ్లీ మామూలుగా పెట్టాడు, మళ్లీ తిరగేశాడు. ఆమె మిషను మీద దుమ్ము లేని చోట దుమ్ము తుడుస్తూ అదంతా చూసింది. ఎన్నో వందల ఒరలు గీసిన చెయ్యి పెన్సిలు పట్టుకుని తోలు మీద దిగకుండా ఆగిపోయింది. చివరికి గీశాడు, కోశాడు, పళ్లెంలో పెట్టి తోశాడు.

ముక్కల లోపలి వైపు తెల్ల పెన్సిలుతో 'ఎడమ' అని రాసి ఉంది. చిన్నపిల్లల పలక మీద రాసినంత పెద్ద అక్షరాలు. ముందు ఆమెకు ఒళ్లు మండింది. తరవాత, ఆ అక్షరాలు వంకరగా ఉండటం చూసింది. అది తనకోసం రాసింది కాదు. ఆయన తనకోసమే రాసుకున్నాడు.

ముక్కలు జతచేసి నడుముకు ఎడం పక్కన ఆనించి చూసుకుంది. ఎడమచేతిదే. అనుమానం లేదు. మిషను కింద పెట్టింది, సూది దించబోయింది, కాలు పెడలు మీద పడలేదు. లేచింది. బల్ల చుట్టూ తిరిగి వెళ్లి ఆయన ముందు నిలబడింది. ఆ బల్ల చుట్టూ దూరం అంత తక్కువని ఆమె మరిచేపోయింది.

"అన్నయ్యా" అంది. "ఇది ఎడమేనా?"

రెండో విడత టీ తెచ్చిన టీ అత్త గుమ్మంలోనే ఆగిపోయింది. అన్నయ్య కళ్లద్దాలు తీసి, చొక్కా కొసతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. చెల్లెలు చాపిన తోలును అందుకోలేదు.

"నువ్వే చూసి చెప్పు" అన్నాడు.

"ఎడమే."

"అయితే కుట్టు."

అంతే మాటలు. ఆమె వెళ్లి కుట్టింది. వంపు దగ్గర చక్రం చేత్తో తిప్పుతుంటే కళ్లు మసకబారాయి, అయినా కుట్టు తప్పలేదు, చెవి ఉంది కదా. ఈసారి ఒరను పళ్లెంలో తోయలేదు. తనే తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టి, పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది. ఆయన అంచు అరగదీసి, తడిగుడ్డ చుట్టిన చెక్కపుల్లతో రుద్దడం మొదలుపెట్టాడు. ఆ రుద్దుడు చప్పుడు వింటూ ఆమె అంతా చెప్పేసింది. మూడో ఒర సంగతి, లేవబోయి కూర్చుండిపోయిన సంగతి.

ఆయన చెయ్యి ఆగింది.

"మూడోదానికే తెలిసిందా?"

"ఊఁ."

"అరిచి చెప్పొద్దూ?"

"నువ్వు గీశావు కదా అనుకున్నాను."

ఆయన ఆ ఒరను అటూ ఇటూ తిప్పి చూశాడు. "పిచ్చిదానా" అన్నాడు, గొంతు తగ్గించి. మళ్లీ రుద్దుతూ, "మొదటి నుంచీ కళ్లంటే నీవే. నా తలలో పేలు చూడ్డానికి అమ్మ నిన్నే పిలిచేది. అందరి ముందూ ఆ రోజు ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది" అన్నాడు. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. టీ అత్త రెండు గ్లాసులూ ఒకే చోట పెట్టి, మొహం తిప్పుకుని, "ఇక నాకు కెటిలొక్కటే బరువు" అనుకుంటూ వెళ్లింది.

వెలుతురు తగ్గేసరికి అంచు మూతి దగ్గర నుంచి వంపు దాకా అయింది. ఏ రోజూ అంచు సగంలో వదలని మనిషి, పుల్ల కింద పెట్టేసి నడుం నిటారు చేసుకున్నాడు. "మిగతాది రేపు చేస్తాను. ఇవాళ్టికి చాలు" అని ఒరను తన వెనక మేకుకు తగిలించాడు.

ఇద్దరూ కలిసి బయలుదేరారు. ఆయన సైకిలు ఎక్కకుండా నడిపించుకుంటూ వచ్చాడు. దారంతా ఏదో ఒకటి మాట్లాడుకున్నారు. వదిన మోకాలి నొప్పి, పక్కింటి కుక్క, ఓనరు జుట్టుకు వేసుకునే రంగు మన తోలు రంగేనా అని ఒక అనుమానం. మలుపు దగ్గర ఆయన సైకిలెక్కుతూ, "ఆదివారం లోపలికొస్తాను. టీ పెట్టు" అన్నాడు.

"పంచదార తక్కువేస్తాను."

"వెయ్యి. నీ ఇష్టం."

ఆ రాత్రి నిద్రలోనే అన్నయ్య పోయాడు. తెల్లవారి ఆమె వెళ్లేసరికి ఆయన అలసిపోయి పడుకున్నవాడిలాగే ఉన్నాడు, బొటనవేలి గోటి చుట్టూ నల్లరంగు కూడా పోలేదు. వదిన ఆమెను పట్టుకుని ఏడ్చి ఏడ్చి, కాస్త తేరుకున్నాక అడిగింది.

"రాత్రి అన్నం తింటూ కూడా ఒకటే మాట. మూడోదానికే తెలిసిందటే దానికి, మూడోదానికే, అని నవ్వుకుంటాడు. ఏమిటే అది, మూడోది?"

"చెబుతాను వదినా" అంది ఆమె. అప్పుడు మాత్రం చెప్పలేకపోయింది.

మళ్లీ పనిలోకి వచ్చిన రోజున, కాపలా మనిషి రెండుసార్లు వచ్చి వెళ్లాడని ఓనరు మొహమాటపడుతూ చెప్పాడు. మేకుకున్నది పూర్తి చేసి ఇచ్చేద్దామా అని అడిగాడు. ఆమె అట్ట తీసుకుని, తిరగేసి, కొత్త తోలు మీద తనే గీసింది. తనే కోసి, కుట్టి, సాయంత్రం దాకా అన్నయ్య స్టూలు మీద కూర్చుని అంచు రుద్దింది. ఆయన రుద్దినంత మెరవలేదు గానీ, మర్నాడు కాపలా మనిషి దాన్ని ఎడం పక్కన కట్టుకుని, చెయ్యి వేసి చూసుకుని, సంతోషంగానే వెళ్లాడు.

మొదటిది మాత్రం మేకుకే ఉంది. ఓనరు దాన్ని తీయమనలేదు. మూతి దగ్గర నుంచి వంపు దాకా దాని అంచు మెరుస్తుంది, అక్కడి నుంచి తోలు గరుకుగా, పచ్చిగా ఉండిపోయింది. ఆ మెరుపు ఆగిన చోట చిన్న ఎర్ర దారం ముక్క ఒకటి ముడి వేసి ఉంది.