హోప్ టౌన్ మలుపు, పసుపు లైట్లు

మా దీవుల్లో గడియారం ఢిల్లీది, సూర్యుడు మాత్రం మా సొంతం. ఢిల్లీ మాట ఆయన చెవికెక్కదు. చలికాలం వచ్చిందంటే సాయంత్రం అయిదుకే కొండ వెనక్కి జారుకుంటాడు. ఆఫీసుల్లో ఇంకా ఫైళ్ళు కదులుతూనే ఉంటాయి, బయట వీధి దీపాలు వెలిగిపోతాయి. మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చినవాళ్ళకి ఇదొక వింత. నాకు మాత్రం వ్యాపారానికి వచ్చిన చిక్కు.

నా పేరు సరోజిని. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చారు. నేను పుట్టిందీ పెరిగిందీ ఆస్టినాబాద్‌లోనే. పాత ఓమ్నీ వ్యాన్‌లో చీరలు, నైటీలు, పిల్లల బట్టలు వేసుకుని, చాథం దగ్గర వెహికల్ ఫెర్రీ ఎక్కి, అవతలి ఒడ్డున బాంబూ ఫ్లాట్, హోప్ టౌన్ తిరిగి అమ్ముతాను. పగలు వెళ్తే ప్రయోజనం లేదు, ఆడవాళ్ళంతా పనుల్లో ఉంటారు. వాళ్ళు ఇల్లు చేరి, టీ తాగి, నా నైటీలన్నీ మంచం మీద పరిచి తీరిగ్గా బేరమాడే వేళకి చీకటి పడిపోతుంది. కాబట్టి నా బేరమూ చీకట్లోనే, నా డ్రైవింగూ చీకట్లోనే.

హోప్ టౌన్ వెళ్ళే రోడ్డుకి ఎడమ పక్క కొండ, కుడి పక్క సముద్రం. ఊరు రాబోయే ముందు ఎడమకి తిరిగే మలుపొకటుంది. ఒకరోజు సాయంత్రం ఆ మలుపు తిరిగానో లేదో, కొండ పక్క నల్లగా ఏదో కదిలింది. మనిషి! స్టీరింగ్ కుడికి లాగేశాను. వ్యాన్ వెళ్ళి సముద్రం పక్క అంచు రాయికి గుద్దుకుని ఆగింది. నైటీల కట్టలన్నీ నా నెత్తిన పడ్డాయి.

దిగి చూస్తే ఎరుకమ్మ మామ్మ. ఒకప్పుడు మొగుడితో సమానంగా పడవ మీద వేటకి వెళ్ళిన మనిషి. ఇప్పుడు నా దగ్గర నైటీ కొనడం, వచ్చే నెల రంగు బాగాలేదని మార్పించుకోవడం ఆవిడ ముఖ్యమైన పని.

"ఓలమ్మో, సంపేద్దువు కదే నన్ను!" అని అరిచి, వెంటనే నా చెయ్యి పట్టుకుని చూసింది. "నీకేటీ అవ్వలేదు కదమ్మీ?"

ఆవిడ అడిగిన తీరుకి నాకు ఏడుపొచ్చేసింది.

ఇంటికొచ్చి మా ఆయన సుభాష్‌కి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. అతను వెహికల్ ఫెర్రీ మీదే లస్కరు. తాడు విసరడం, కట్టడం, బళ్ళని వరసలో పెట్టించడం అతని పని. రోజంతా హారన్ల మధ్య అరిచి అరిచి, ఇంటికొచ్చాక మాటలు పొదుపుగా వాడతాడు.

"రేపట్నుంచి ఎలుగుండగానే ఎనక్కి ఒచ్చెయ్," అన్నాడు.

"ఎలుగుండగా కొనేవోళ్ళెవరయ్యా?"

"మరయితే మానెయ్. మనిషి పోతే వాపస్ తేగలవా?"

నాకు ఒళ్ళు మండింది. ఇల్లిల్లూ తిరిగి, ఎవరికే రంగు నప్పుతుందో, ఎవరికే కొలత సరిపోతుందో గుర్తు పెట్టుకుని ఈ వ్యాపారాన్ని నిలబెట్టింది నేను. ఒక్క మాటతో మానెయ్యమంటే ఎలా? కానీ అసలు మంట అతని మీద కాదు. అతను చెప్పింది నిజం. కళ్ళు మూస్తే చాలు, ఆ మలుపూ, ఆ నల్లటి ఆకారమూ కనబడుతున్నాయి. నాకు భయం పట్టుకుంది, ఆ భయం పైకి రాకుండా గొంతు పెంచాను.

"లైట్లు మార్పిస్తాను. అదే మలుపులో, అదే మామ్మ నాకు దూరం నుంచి కనబడాలి. కనబడకపోతే వ్యాన్ అమ్మేద్దాం," అన్నాను.

"పక్కా?"

"పక్కా."

అనేశాక నాలుక కరుచుకున్నాను గానీ, ఏం లాభం?

మర్నాడు పొద్దున్నే మిన్నీ బే వైపు గోపినాథ్ స్పేర్ పార్టుల కొట్టుకి వెళ్ళాను. వాళ్ళది విశాఖ వైపు నుంచి వచ్చి వ్యాపారంలో స్థిరపడిన కుటుంబం. మనిషి మంచివాడే గానీ, ఒకటి అడిగితే పది చూపిస్తాడు.

"దీదీ, ముందు నీ పాత లైట్లు సూడు. ఉప్పు గాలికి అద్దం తెల్లగైపోనాది. ఇది రుద్దితేనే సగం ఎలుగు వాపస్ ఒచ్చేత్తాది," అని గుడ్డతో ఏదో పేస్టు రాసి రుద్దాడు. నిజంగానే అద్దం తేటపడింది. పైసా అడగలేదు.

"సరే భయ్యా, ఇప్పుడు కొత్తవి చూపించు," అన్నాను.

రెండు రకాలు బల్ల మీద పెట్టాడు. ఒకటి పొడుగాటి ఎల్‌ఈడీ పట్టీ, వ్యాన్ నెత్తి మీద బిగించేది. తెల్లగా, కళ్ళు చెదిరేలా వెలుగుతుంది. రెండోది గుండ్రటి చిన్న లైట్ల జత. పసుపు వెలుగు, బంపర్ కింద పెట్టుకునేది. చూడ్డానికి అప్పడాల్లా ఉన్నాయి. ధరలో పెద్ద తేడా లేదు, రెండూ నా చేతికి అందేవే. అందుకే వచ్చింది అసలు తంటా. డబ్బు లేకపోతే ఎంచుకునే పని తప్పుతుంది.

నాకు తెలుసుకోవాలనే పురుగు తొలిచిందంటే ఎదుటివాడికి భోజనం ఉండదు. పసుపు ఎందుకు? తెలుపు వాన చినుకుల మీద పడి తిరిగి మన కళ్ళలోకే కొడుతుందట, పసుపు అంతగా కొట్టదట. కింద ఎందుకు? వెలుగు రోడ్డు మీద చాపలా పరుచుకోవాలట. పట్టీ వెలుగు ఎంత దూరం పోతుంది? చాలా దూరం, కానీ సన్నగా, తిన్నగా పోతుందట. పాత వైర్లు ఇంత కరెంటు మోస్తాయా? మొయ్యలేవు, మధ్యలో రిలే అని చిన్న డబ్బా, ఫ్యూజూ పెట్టాలట. లేకపోతే స్విచ్చి దగ్గర వైర్లు మాడిపోతాయట. ఒక లైట్ వెలిగించి కొట్టు వెనక గోడ మీదకి తిప్పించి, తర్వాత రెండోది తిప్పించి, మళ్ళీ మొదటిది తిప్పించాను.

"దీదీ, నువ్వు ఓడ కొంటన్నావా, లైట్ కొంటన్నావా?" అన్నాడు గోపినాథ్.

ఇన్ని అడిగి, అన్నీ బుర్రకెక్కించుకుని, చివరికి ఏం చేశాను? పట్టీయే బిగించమన్నాను. గోడ మీద అది పట్టపగల్ని తెచ్చి నిలబెట్టింది మరి. మామ్మ కనబడాలంటే వెలుగుండాలి, ఎంతుంటే అంత మంచిది అనుకున్నాను. నచ్చకపోతే మార్చి ఇస్తానని గోపినాథ్ మాటిచ్చాడు. ఎరుకమ్మ మామ్మ బుద్ధి నాకూ అంటినట్టుంది.

సుభాష్‌కి సెలవున్న రోజు సాయంత్రం ఇద్దరం వెళ్ళాం. నేను డ్రైవింగ్, అతను పక్క సీట్లో చేతులు కట్టుకుని జడ్జీలా. బాంబూ ఫ్లాట్ దాటాక స్విచ్చి వేశాను. రోడ్డు తెల్లగా లేచి వచ్చింది. దూరంగా చెట్టు మీద ఆకులు కూడా విడివిడిగా కనబడ్డాయి. రోడ్డు దాటబోతున్న జింక కళ్ళు మెరిశాయి, అది వెనక్కి తిరిగి కొండెక్కిపోయింది.

"చూశావా?" అన్నాను.

"మలుపు రానీ," అన్నాడు.

మలుపు వచ్చింది. మామ్మ కూతురింటి నుంచి పాలు తీసుకుని రోజూ ఆ వేళకే వస్తుంది. మెల్లగా తిప్పాను. నా పట్టీ వెలుగంతా తిన్నగా సముద్రం మీదికి పోయింది, అలలు తళతళలాడాయి. కొండ పక్క మాత్రం మసి పూసినట్టుంది. బ్రేక్ వేసేశాను. ఆగింది గానీ, బంపర్‌కి చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో ఉంది ఎరుకమ్మ మామ్మ. అటు తిరిగి, మొహం మీదికి కొంగు లాక్కుని, కొండకి అతుక్కుని నిలబడింది.

సుభాష్ నా వైపు తిరిగి చూశాడు. కిందికి దిగి మామ్మ మీద విరుచుకుపడ్డాను.

"చీకట్లో టార్చి లేకుండా తిరగడమేటి మామ్మా?"

"టార్చి నేకపోడమేటి? ఇదిగో!" ఆవిడ చేతిలో ఛార్జింగ్ టార్చి ఉంది. నొక్కితే భగ్గున వెలిగింది.

"మరి ఎలిగించలేదే?"

"ఎలిగించినాను. నీ బండి రాడం సూసి ఆర్పేసినాను. నీకాడ అంతెలుగుంటే నాదెందుకు? వొచ్చీవోళ్ళ కళ్ళలోకి దీపం పెడతామేటే? పడవల కాణ్ణించీ అంతే. ఇంకో పడవ దగ్గరకొత్తే లాంతరు దింపీయాల. అది మర్యాద."

"ఆ రోజు కూడా ఆర్పేశావా?"

"ఎప్పుడూ ఆర్పేత్తాను. మా ఊరోళ్ళందరం ఆర్పేత్తాం."

ఇన్నాళ్ళూ ఈ రోడ్డు మీద నేను వస్తుంటే నాకు మర్యాద చేసి ఎంతమంది చీకట్లోకి తప్పుకున్నారో!

"అయిపోనాది కదా," అన్నాడు సుభాష్ మెల్లగా. "ఎంత లైట్ పెట్టినా ఇంతే. పద, పోదాం."

"ఉండు," అన్నాను. భయం ఒక పక్క, పురుగు ఒక పక్క. పురుగే గెలిచింది. "నువ్వు బండి ఎనక్కి తీసుకెళ్ళి, మళ్ళీ రా. మామ్మ జాగాలో నేను నిలబడతాను."

"పిచ్చా?"

"నెమ్మదిగా రా. నేనెక్కడున్నానో నీకు తెలుసు కదా."

మామ్మని ఊరి వైపు దూరంగా కూర్చోబెట్టి, ఆవిడ టార్చి తీసుకుని కొండ పక్క నిలబడ్డాను. టార్చి ఆర్పేది లేదని ఒట్టు పెట్టుకున్నాను. వ్యాన్ చప్పుడు వినబడింది. ముందు కొండ మీద తెల్లటి వెలుగు పాకింది, ఆ తర్వాత దాని అంచు నా మొహం మీద పడింది. అబ్బా, ఏం వెలుగది! కళ్ళు బైర్లు కమ్మాయి. రోడ్డు లేదు, సముద్రం లేదు, నా కాళ్ళెక్కడున్నాయో నాకే తెలియలేదు. మొహం తిప్పేసుకున్నాను, కొంగు అడ్డం పెట్టుకున్నాను, వెనక్కి ఒకడుగు వేసేసరికి కాలువలో పడ్డాను. వ్యాన్ నన్ను దాటి వెళ్ళిపోయింది.

చూసుకుంటే నా చేతిలో టార్చి ఆరిపోయి ఉంది. ఎప్పుడు ఆర్పానో నాకు తెలియదు.

వ్యాన్ అంత దూరాన ఆగింది. తలుపు తెరుచుకున్న చప్పుడు. "సరోజినీ!" అన్నాడు సుభాష్. నేను పలికే లోపే మళ్ళీ, "సరోజినీ! ఓ సరోజినీ!" అంటూ పరుగెత్తుకొస్తున్నాడు. పెళ్ళయ్యాక అతని గొంతు అలా వణకడం నేనెప్పుడూ వినలేదు.

"ఇక్కడే ఉన్నాను," అన్నాను కాలువలోంచి.

చెయ్యిచ్చి లాగాడు. లాగాక కూడా చెయ్యి వదల్లేదు.

"కనబడలేదా?" అని అడిగాను.

"లేదు. నువ్వున్నావని తెలిసి, ఎతుక్కుంటూ కూడా... లేదు."

ఇద్దరం సముద్రం వైపు తిరిగాం. దూరంగా ఒక బోటు పోతోంది, దాని ఎర్ర దీపం మాత్రమే కనబడుతోంది.

"ఆ ఎర్ర దీపంతో వాళ్ళకి దారి కనబడుద్దా?" అని అడిగాను.

"దారి కోసం కాదు. నానిక్కడున్నానని అవతలోళ్ళకి సెప్పడానికి," అన్నాడు సుభాష్. అని, నా చేతిలో ఆరిపోయిన టార్చి వైపు చూశాడు. నేను దాన్ని వెలిగించి నా కాళ్ళ మీదికి దించాను.

గోపినాథ్ పట్టీ వెనక్కి తీసుకుని, "నాను ముందే సెప్పినాను కదా దీదీ," అనకుండా ఉన్నందుకు అతనికి రుణపడి ఉన్నాను. పసుపు లైట్ల జత బంపర్ కింద బిగించాడు. కుడి లైట్ తిన్నగా, ఎడమది కాస్త రోడ్డు పక్కకి తిప్పమన్నాను, మనుషులు నడిచేది అక్కడే కాబట్టి. గోడ ముందు నిలబెట్టి, వెలుగు పై అంచు నా నడుం దాటకుండా దింపించాను. వేరే స్విచ్చి పెట్టించాను.

ఇంక ఎరుకమ్మ మామ్మని ఒప్పించాలి. లైట్లు కొనడం కంటే కష్టమైన పని అదే. సుభాష్‌ని వెంటబెట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్ళాను.

"ఆర్పకు మామ్మా. నీ కాళ్ళ మీదికి దించి పట్టుకో. అప్పుడు నా కళ్ళలో పడదు, నాకు నువ్వు కనబడతావు."

"ఎదర మనిషొత్తంటే దీపం పట్టుకునుండడం ఏటి మర్యాద?"

"ఓడలు ఆర్పవు కదా మామ్మా," అన్నాడు సుభాష్.

"అవి సర్కారీ ఓడలు. ఆటికి మర్యాదేటి తెలుసు?"

నాకు ఓపిక చచ్చింది. "మామ్మా, నా కళ్ళు నొప్పెడతాయని ఆర్పుతున్నావు. నిన్ను గుద్దేస్తే నాకు ఇంక ఈ జన్మకి నిద్ర పట్టదు. అది నొప్పి కాదా?" అన్నాను.

మామ్మ టార్చి వెలిగించి, ఒకసారి తన కాళ్ళ మీదికి దించి చూసుకుంది. "సరే. నాను దింపుతాను. నన్ను సూడగానే నువ్వూ నీ పసుపచ్చ లైట్లు ఆర్పాల. ఒకలే మర్యాద సేత్తే సరిపోదు," అంది.

ఒప్పుకున్నాను.

మర్నాటి సాయంత్రం మళ్ళీ ఇద్దరం వెళ్ళాం. సన్నగా తుంపర పడుతోంది. పసుపు వెలుగు దూరం పోలేదు గానీ, రోడ్డు ఆ అంచు నుంచి ఈ అంచు దాకా తడి మెరుస్తూ కనబడింది, కాలువ గట్టు మీద గడ్డి కూడా. ఇదే ఆఖరిసారి అయితే ఈ వ్యాన్ ఎవరికి అమ్ముతాను అనుకుంటున్నాను.

మలుపు తిరగడం మొదలుపెట్టానో లేదో, ఇంకా చాలా దూరంలోనే, నేల మీద చిన్న వెలుగు ఒకటి ఊగుతూ కనబడింది. ఒక జత చెప్పులు, చీర అంచు, పాల గిన్నె. దాని వెనకాల ఇంకో వెలుగు. దాని వెనకాల ఇంకోటి. మామ్మ ఊరంతటికీ కొత్త మర్యాద నేర్పినట్టుంది. కొండ వార కాళ్ళు వరసగా నడిచొస్తున్నాయి.

నేను బ్రేక్ మీద కాలు పెట్టి అలా చూస్తూ ఉండిపోయాను. సుభాష్ చెయ్యి చాచి పసుపు లైట్ల స్విచ్చి తనే నొక్కి ఆర్పేశాడు.

"ఆర్పవేటి? ఆవిడ దించింది కదా," అన్నాడు. తర్వాత కిటికీలోంచి తల బయటికి పెట్టి, "మామ్మా, సరోజిని రేపు కొత్త నైటీలు తెత్తాది!" అని అరిచాడు.