గుడ్డ అందని చోటు

ముప్పై రెండేళ్లుగా నాకొక సందేహం ఉండేది. నేను దేవుణ్ణి మోసం చేశానా, లేదా?

ఇంగ్లండులో, కీత్లీలోని మా ప్రార్థనా మందిరంలో ఆదివారం కానుకలు లెక్కపెట్టే పని అప్పట్లో నాది. ఒకసారి పళ్ళెంలోకి వింత పెన్నీ వచ్చింది. ఒకవైపు రాజుగారి తల మామూలుగానే ఉబ్బెత్తుగా ఉంది. రెండోవైపు బొరుసు లేదు. అదే తల గుంటలా లోపలికి దిగి, అద్దంలోలా తిరగబడి ఉంది. ముచ్చటపడి, నా జేబులోని పెన్నీ పళ్ళెంలో వేసి దాన్ని ఇంటికి తెచ్చుకున్నాను. ఎవరో ఆకతాయి వర్క్‌షాపులో బిగించే వైస్‌లో మరో నాణెంతో కలిపి నొక్కి చేసిందైతే పెన్నీకి పెన్నీ చెల్లు. టంకశాలలో జరిగిన పొరపాటైతే దాని ఖరీదు ఎంతో ఎక్కువ. అప్పుడు నేను దొంగను.

అందుకే ఎవరికీ చూపలేదు. చివరికి మా ఆవిడ ఫిలిస్ విసిగిపోయింది. "నీ ప్రార్థనలో నా పేరుకన్నా ఆ పెన్నీ పేరే ఎక్కువసార్లు వస్తోంది" అంటూ నన్ను హాలిఫాక్స్ నాణేల సంతకు లాక్కెళ్ళింది. అక్కడ అందరూ తమది అసలుది కావాలని ఆశపడుతున్నారు. నకిలీ అయితే బాగుండునని మొక్కుకున్నది నేనొక్కణ్ణే.

నాణేలు పరీక్షించే మిసెస్ ఓల్డ్‌రాయిడ్ దాన్ని చూస్తూనే మొహం చిట్లించింది.

"ఇదేంటి పెద్దాయనా, ఇలా తళతళలాడుతోంది? ఏం చేశారు దీన్ని?"

ప్రతి శనివారం మందిరం ఇత్తడి సామానుతోపాటు దీన్నీ పాలిష్ పెట్టి గుడ్డతో తోముతానని గర్వంగా చెప్పాను. ఆవిడ తల పట్టుకుంది. పాత నాణేన్ని తోమితే విలువ పోతుందట.

తూకం వేసింది. సరిపోయింది. గుంట వైపు తిప్పి భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత నాకూ చూపించింది. వైస్‌లో నొక్కి ఉంటే ఉబ్బెత్తు వైపు తల చదునైపోయేదట. అది అరిగిందే గాని అణగలేదు. గుంటలో, నా గుడ్డ అందని చోట, రాజుగారి గడ్డం వెంట్రుక వెంట్రుకగా నిలిచి ఉంది. ముందు కొట్టిన నాణెం అచ్చుకు అతుక్కుపోతే తర్వాతి బిళ్ళ మీద ఇలా పడుతుందట.

"టంకశాలదే. తోమకపోతే మూడొందల పౌండ్లు పలికేది. ఇప్పుడు ఎనభై."

దొంగనని తేలిపోయింది. ఏడవాల్సింది, నవ్వొచ్చింది. ఎంత ఆపుకున్నా ఆగలేదు.

"దొంగసొత్తును వారం వారం తోమి ధర తగ్గించినవాడు ఇంకెవడైనా ఉన్నాడా" అంటూ ఫిలిస్ కుర్చీలో కూలబడి నవ్వింది. మిసెస్ ఓల్డ్‌రాయిడ్ కళ్ళజోడు తీసి, నవ్వి నవ్వి తడిసిన కళ్ళు తుడుచుకుంది. జవాబు ఏదైనా, సందేహం తీరడమే ఒక దీవెనేమో.

ఎవరూ చెల్లని పెన్నీ అని పారేయకుండా మిసెస్ ఓల్డ్‌రాయిడ్ దాని సంగతి, ధర చీటీ మీద రాసిచ్చింది. ఆదివారం పళ్ళెం నా ముందుకు రాగానే, ఆ చీటీలో చుట్టి నాణేన్ని అందులో వేశాను.

"మరి నీ పెన్నీ వెనక్కి తీసుకోవా?" అంది ఫిలిస్, చెవిలో.

"వాళ్ళకే ఉండనీ" అని పళ్ళెం పక్కకు అందించాను.