పది వేళ్ళు

కాస్త ఆగండి, ఎక్కడికా పరుగు, ఇది వినేసి వెళ్ళండి. గుండీలక్క సంగతి. టైలరు షాపులో ఇరవై రెండేళ్ళుగా గుండీలు కుట్టడమే ఆమె పని, అందుకే ఆ పేరు. అసలు పేరు షాపు నడిపే మాస్టారికే గుర్తులేదు. ఆ పొద్దున కూడా రోజూలాగే కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుని, దారం కొస నాలుకతో తడిపి సూదిలోకి ఎక్కిస్తోంది. ఒంగి ఒంగి మెడ వెనక ఎముక పొడుచుకొచ్చేసింది, చూపుడువేలి కొస చెప్పు అట్టలా మొద్దుబారిపోయింది.

కటింగ్ బల్ల దగ్గర మాస్టారి చేతిలో కత్తెర ఖంగుమని కిందపడింది.

"ఏంటి మాస్టారూ, పొద్దున్నే కత్తెరతో కుస్తీనా?" అంది.

ఆయనేదో అన్నాడు. మాట ముద్దగా వచ్చింది. మూతి ఒక పక్కకి జారింది, కుడిచెయ్యి వేలాడిపోతోంది.

"ఆటో పిలుస్తా," ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి ఇస్త్రీ బాబాయి లేచాడు.

"ఉండు బాబాయ్, కదిలిస్తే తలలో నరం తెగుతుందట. పది వేళ్ళకీ సూది గుచ్చి రక్తం తీస్తే సర్దుకుంటుందట. మా ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. పెద్ద డాక్టరే చెప్పాడట."

"ఏ డాక్టరు?"

"పేరు లేదులే. కానీ అందరూ పంపారు."

అదే కదా కర్మ, సూది ఆమె చేతిలోనే ఉంది. ఇంకెవరైనా అయితే సూది వెతుక్కునేలోపు ఆటో వచ్చేసేది. ఒక్కో వేలూ పట్టుకుని, గుండీ కుట్టినంత ఓపిగ్గా గుచ్చింది. ఒక చుక్క, తుడవడం, మూతి వైపు చూడటం, ఇంకో వేలు. పదీ అయ్యాక కూడా కూర్చుని చూశారు. గంటన్నర పోయింది.

ఆసుపత్రిలో నర్సు ఆ వేళ్ళని చూసింది, ఆమెని చూసింది. తిట్టలేదు. "మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా, ఒక్కటి చాలమ్మా, ఆ నిమిషమే తీసుకొచ్చేయాలి. అదిగో, గోడ మీద రాసుంది."

గుండీలక్క చదివింది. మళ్ళీ చదివింది. అందులో సూది ఎక్కడా లేదు.

సాయంత్రం అయిదింటికి, చప్పుడు లేకుండా, మాస్టారు పోయారు.

ఆయన భార్య ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు నిమురుతోంది. "చూశావా చెల్లీ, చివరిరోజు కూడా కుట్టుపనిలో సూదిపోట్లే. వేలికి తొడుగు పెట్టుకోవయ్యా మగడా అంటే వింటేనా." ఆయన జేబులో దొరికిన ఇత్తడి వేలితొడుగు గుండీలక్క చేతిలో పెట్టి గుప్పిట మూసింది. "నువ్వైనా పెట్టుకో."

ఇస్త్రీ బాబాయి అటు తిరిగి నిలబడ్డాడు.

చిన్న ఇత్తడి టోపీ, ఒక్క గీత కూడా పడలేదు, కొన్నప్పటి మెరుపు అలాగే ఉంది. చెప్పండి, దాన్ని గుప్పిట్లో పెట్టుకుని మీరైతే ఆవిడతో ఏమంటారు?