కింది వరస

బోను అడుగున గడ్డకట్టిన పెంటను అజ్వాంగ్ రేకుముక్కతో గీకుతోంది. ఉచ్చ ఘాటుకు కళ్లు మండుతున్నాయి. జావ ఫ్యాక్టరీ మేనేజరు మధ్యాహ్నం వస్తున్నాడు. ఆలోగా ఎలుకల గదిలో వాసన పోవాలన్నాడు డాక్టర్ ఒదీరా.

పై వరస బోన్లలో ఎలుకలకు మామూలు మేత. కింది వరసకు ఫ్యాక్టరీ పంపిన మేత. అందులో పామాయిలు ఎక్కువ, ఇనుము లేదు. కిసుము పట్నంలో బడిపిల్లలకు పోసే జావలోంచి ఖనిజాల పొడి తీసేసి నూనె పెంచితే ఫ్యాక్టరీకి ఖర్చు తగ్గుతుంది. పిల్లలు బొద్దుగా కూడా కనిపిస్తారు. వాళ్లకేమీ కాదని ఈ ఎలుకలు రుజువు చెయ్యాలి.

మొదట్లో కింది వరస ఎలుకల చెవులు పాలిపోయాయి. చచ్చినవాటిని కోసి చూస్తే కాలేయం నిండా కొవ్వు. చూడివి బోను చువ్వలు కొరికేవి. అజ్వాంగ్ ప్రతి కాన్పుకు ముందూ సంతలో ఎర్రమట్టి బిళ్లలు కొనుక్కుని తిన్న మనిషి. కడుపుతో ఉన్నవాళ్లు అడిగితే ఆ మట్టి లేదనరు. కోడలి కోసం కొన్నవి నడుముగుడ్డ ముడిలో ఉంటే తుంచి బోన్లలో వేసింది. అప్పటినుంచి రోజూ వేస్తూనే ఉంది.

చెవులు మళ్లీ ఎర్రబడ్డాయి. ఫ్యాక్టరీ మేత మంచిదేనని డాక్టరు ఈ ఉదయం సంబరపడ్డాడు. అజ్వాంగ్ వెళ్లి మట్టి సంగతి చెప్పేసింది.

"మట్టా?" ఒదీరా తలుపు మూశాడు. "ఎవరు పెట్టమన్నారమ్మా నిన్ను?"

"చూడివి కదయ్యా. కొరుక్కుంటుంటే చూడలేకపోయా."

"నీ జాలి తగలెయ్య! మట్టి వల్లే కోలుకున్నాయని ఎవరు చెప్పారు?"

"నాకేం తెలుసు? పెట్టాక కోలుకున్నాయి."

అతను కుర్చీలో కూలబడ్డాడు. "ఇది బయటపడితే ఈ గదికి తాళం పడుద్ది. నువ్వూ నేనూ రోడ్డున పడతాం. నీ మనవరాలేం తింటుంది?"

"బడిలో ఈ ఫ్యాక్టరీ జావే తాగుతోందయ్యా. దానికి అదొక్కటే తిండి."

ఒదీరా తలెత్తలేదు. "మేనేజరు వచ్చినప్పుడు నువ్విక్కడ ఉండకు."

మధ్యాహ్నం మేనేజరు నవ్వుతూ వచ్చాడు. కింది వరస చూసి, "మా ఇంట్లో పిల్లలకన్నా ఇవే నయం! ఏం పెడుతున్నారండీ వీటికి?" అన్నాడు.

"మీ మేతేనండీ. ఇంకేం లేదు."

అజ్వాంగ్ చీపురుతో గుమ్మంలో నిలబడి ఉంది.

"వెళ్లి నీళ్లు పట్టుకురామ్మా," అన్నాడు ఒదీరా.

"తేను."

ఆమె చీపురు గుమ్మంలోనే వదిలేసి లోపలికొచ్చి కింది వరస ముందు కూర్చుంది. చేతుల్లో ఏమీ లేదు. ఎలుకలు మేత వదిలి, ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ, చువ్వల్లోంచి ముక్కులు బయటపెట్టి ఆమె నడుము వైపు వాసన చూశాయి. పై వరసలోవి కదల్లేదు.

"ఏమైంది వీటికి?" మేనేజరు నవ్వు ఆగిపోయింది.

ఒదీరా ఆమెకేసి చూసి, వద్దన్నట్టు తల ఆడించాడు.

అజ్వాంగ్ నడుముగుడ్డ ముడి విప్పడం మొదలుపెట్టింది.