ఫారం లెక్కలో నాలుగో మనిషి

మార్కులాయన కిటికీ గూట్లో చెయ్యి పెట్టి గోడ మందం కొలుస్తున్నాడు. తొమ్మిది అంగుళాలు. వేడిని ఇట్టే వదిలేసే రకం గోడ. ఆ సంగతి ట్యాబులో నొక్కి, మోకాళ్ల మీద చేతులానించి మెల్లగా లేచాడు. యాభై ఎనిమిదేళ్ల మోకాళ్లు రెండూ ఒకేసారి చప్పుడు చేశాయి.

ఏ ఇల్లు కరెంటును ఎంత పొదుపుగా వాడుతుందో చూసి మార్కులు వెయ్యడం అతని పని. ఇరవై రెండేళ్లుగా అదే పని. ఆఫీసులో అందరూ మార్కులాయన అంటారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. బడిలో తనకెప్పుడూ అత్తెసరు మార్కులే. అందుకేనేమో, ఎవరింటికీ అరమార్కు ఎక్కువ వేసి ఎరగడు. బక్కగా, వంగిన భుజాలతో వచ్చి, కొలిచి, వెళ్లిపోతాడు. ఆ ముఖం మర్నాటికి ఎవరికీ గుర్తుండదు.

ఈ ఇంట్లో ఒక దర్జీ ఆవిడ అద్దెకుంటోంది. నలభై అయిదేళ్లుంటాయి, ఒంటరిది. అరవై తొమ్మిది మార్కులు రాని ఇల్లు అద్దెకివ్వకూడదని కొత్తగా నిబంధన పెట్టారు. గోడలు బాగుచేయించే ఓపిక లేని ఇంటి యజమాని, పైకప్పు మీద ఎనిమిది సోలార్ ప్యానెళ్లు బిగించి చేతులు దులుపుకున్నాడు. మార్కులు రాకపోతే నెలాఖరుకి ఖాళీ చెయ్యాలన్నాడట.

"వస్తాయా సార్?" అందావిడ. మెడలో టేపు వేలాడుతుంటే అతని వెనకే గది గదికీ తిరుగుతోంది.

"చూడాలమ్మా. ప్యానెళ్లు పెట్టినంత మాత్రాన ఇల్లు మారిపోదు. చిల్లికుండ మీద ఇంకో కుళాయి తిప్పినట్టు. కారేది కారుతూనే ఉంటుంది. కాకపోతే దానికీ కొన్ని మార్కులున్నాయి."

బాత్రూం తలుపు తీశాడు. పదకొండు గంటలప్పుడు అద్దం నిండా ఆవిరి, నేలంతా తడి. ఆవిడ జుట్టేమో ఎప్పుడో దువ్వి ముడివేసినట్టు పొడిగా ఉంది. తనకెందుకులే అనుకుని గీజర్ సైజు రాసుకుని బయటికొచ్చాడు.

"ఇంట్లో ఎంతమందని రాశారు?" అడిగిందావిడ.

"ముగ్గురు."

"నేనొక్కదాన్నే కదా సార్!"

"ఎవరుంటున్నారో ఈ ట్యాబులోని ఫారం అడగదమ్మా. ఇంటి కొలత చూసి మనుషుల్ని తనే వేసుకుంటుంది. ఇంత ఇంటికి ముగ్గురు. ముగ్గురి స్నానాలు, ముగ్గురి దీపాలు. ఉత్త లెక్క అంతే."

ఈ మాటకి అందరూ నవ్వుతారు. అప్పుడతను తన గది సంగతి చెబుతాడు. తనుండే ఒంటిగదికి ఫారం వేసే లెక్క ఒకటింపావు మనిషి. "ఆ పావు మనిషివి నువ్వేరా, పూర్తి మనిషిని నేను" అని వాళ్లక్క ఏడిపించేది. పెళ్లీ పెటాకులూ లేని తమ్ముడికి అక్కే దిక్కు. ఆమె పోయి ఏడాదైంది. ఆ గదిలో అతను నోరు విప్పి మాట్లాడి కూడా ఏడాదైంది.

దర్జీ ఆవిడ నవ్వలేదు. లోపలికెళ్లి నిరుటి కరెంటు బిల్లుల కట్ట తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"మీ లెక్కా ఇదీ ఒకసారి చూడండి."

బిల్లుల్లోని యూనిట్లు కూడాడు. మూడువేల నాలుగువందల పన్నెండు. ముగ్గురికి ఏడాదికని ఫారం వేసిన లెక్క చూశాడు. మూడువేల నాలుగువందల పన్నెండు. మళ్లీ కూడాడు. దుబారా మనుషుల ఇళ్లు ఫారాన్ని దాటేస్తాయి, పిసినారుల ఇళ్లు దాని దరిదాపులకి రావు. ఇన్నేళ్లలో ఏ ఇల్లూ యూనిట్టుతో సహా సరిపోలేదు.

"కొత్తలో హడలిపోయాను సార్" అందావిడ, గొంతు తగ్గించి. "నేనింకా మంచం మీదే ఉంటే గీజర్ ఆన్ అయ్యేది. పక్క గదిలో లైటు వెలిగేది. మనుషులు కనబడరు. పాపం, ఏమీ చెయ్యరు కూడా. ఇప్పుడు మిషన్ తొక్కుకుంటూ కబుర్లు చెప్తుంటాను వాళ్లకి. వేరే ఇంటికి పోతే నా వెంట వస్తారా?"

అతనికి భయం వేసింది. భయం కన్నా ఎక్కువగా అసూయ వేసింది.

పక్కింటి నీళ్ల ట్యాంకు నీడ రెండు ప్యానెళ్ల మీద పడుతోంది. చూసి కూడా రాయకుండా ఉండలేడు. రాశాడు. అరవై ఏడు వచ్చింది. ఆవిడ ట్యాబు వైపు చూసి కుట్టుమిషన్ ముందు కూలబడింది.

ఇలాంటప్పుడు సంతకం పెట్టించుకుని వెళ్లిపోవడం అతని అలవాటు. ఈసారి కాళ్లు కదల్లేదు. పైకప్పు కింద గుడ్డపేలికల గదొకటి ఉంది. సామాన్ల గూడులే అని ఇందాక లెక్కలోకి తీసుకోలేదు. మెట్లెక్కి వెళ్లి, మూటలు పక్కకు జరిపి, గది మధ్యలో నిటారుగా నిలబడ్డాడు. జుట్టు దూలానికి తగిలిందంతే. మనిషి నిలబడగలిగితే అది గదే అని నిబంధన. టేపుతో కూడా కొలిచాడు. తప్పుడు లెక్కేం కాదు.

చిన్న కిటికీలోంచి ఎండ పడుతోంది. లోపల వెచ్చగా ఉంది.

"ఇక్కడో మంచం పడుతుంది" అన్నాడు. ఎందుకన్నాడో తనకే తెలీదు.

"ఒక్కరికైతే హాయిగా సరిపోతుంది సార్" అంది మెట్ల మీదినుంచి ఆవిడ.

ఆ గదిని కలిపేసరికి ఫారంలో ముగ్గురు నలుగురయ్యారు. ప్యానెళ్ల కరెంటు బయటి తీగలకు పోకుండా ఇంట్లోనే ఎంత ఎక్కువ వాడితే అంత ఎక్కువ మార్కులు. నలుగురైతే వాడకమూ ఎక్కువే. అరవై తొమ్మిది.

ఆవిడ చేతులు జోడించింది. కళ్లు తుడుచుకుని, "నాలుగో మనిషి ఎవరు సార్?" అంది.

"కాగితం మీదేనమ్మా" అన్నాడు. నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు. గేటు దాటుతుంటే సొంతింటి నుంచి ఊరెళుతున్నట్టు అనిపించింది.

సాయంత్రం బస్సులో కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. ఆఖరి స్టాపులో కండక్టర్ భుజం తట్టాడు, ఇంకోసారి తట్టాడు, తర్వాత డ్రైవర్ని పిలిచాడు. గుండె ఆగిందన్నారు డాక్టర్లు. ఆఫీసులో రెండు నిమిషాలు లేచి నిలబడ్డారు. అతని గదిలోకి వారం తిరక్కుండా వేరొకరు దిగారు.

సర్టిఫికెట్ అందాక దర్జీ ఆవిడ కృతజ్ఞతలు చెబుదామని ఆఫీసుకి ఫోన్ చేసింది.

"ఆయన పోయారండీ. మీ ఇంటికొచ్చిన రోజు సాయంత్రమే" అంది అవతలి అమ్మాయి.

ఆవిడ చాలాసేపు ఏడ్చింది. తర్వాత పై గదిలోని మూటలన్నీ దించి, తుడిచి, మడతమంచం వేసి, గోడ మేకుకి ఒక కొత్త తువ్వాలు తగిలించింది.

మర్నాడు పొద్దున గీజర్ ఎప్పటికన్నా ఎక్కువసేపు నడిచింది. అది ఆగాక ఆవిడ పైకెళ్లింది. గదిలో ఎవరూ లేరు. మేకుకి తువ్వాలు తడిసి వేలాడుతోంది. దాని అంచు నుంచి నీళ్లు బొట్టుబొట్టుగా నేల మీద పడుతున్నాయి.