సీతయ్య డోలుకు పట్టీ

శారద కుట్టిన మొదటి పట్టీని ఎలుకలు తినేశాయి.

తప్పు ఎలుకలది కాదు. తోలు మెత్తబడాలని ఇప్పనూనె పట్టించింది శారదే. ఫోన్‌లో వీడియో పెట్టినవాడు ఏదో డబ్బా నూనె పేరు చెప్పాడు. అది పాల్వంచలో దొరకలేదు. ఇంట్లో ఇప్పనూనె ఉంది. దీపానికి పనికొచ్చేది తోలుకు పనికిరాదా అనుకుని రెండు పూటలా రుద్దింది. తోలు నిగనిగలాడింది. ఆ నిగనిగ చూసుకుని మురిసిపోయి సీతయ్యకు పంపింది. సీతయ్య దాన్ని డోలుకు కట్టి దూలానికి వేలాడదీశాడు. తెల్లారేసరికి బకిల్ ఒక్కటే మిగిలింది.

"మా ఇంట్ల ఎలుకలకు ముందుగాల్నే పండుగైంది బిడ్డా," అంటూ జంపక్క కొంగు ముడి విప్పి ఆ బకిల్ శారద చేతిలో పెట్టింది. "దీనికి నూనె అంటలేదు గదా, గందుకే ఇడిసిపెట్టినయ్."

జంపక్క సీతయ్య భార్య. కిన్నెరసాని అవతల అడవి అంచున వాళ్ల కోయగూడెం. చీపుర్లు, తేనె, కాలాన్ని బట్టి తునికిపండ్లు తెచ్చి పాల్వంచ కాలనీల్లో అమ్ముతుంది. శారద కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పని చేస్తుంది. బొగ్గు మోసే బెల్టుల కింద రాలిన బొగ్గు ఎత్తడం ఆమె పని. షిఫ్టు దిగాక ఇంటికొచ్చి తోలు కుట్టుకుంటుంది. ఎవరూ కుట్టమనలేదు. అది ఆమె సరదా.

సరదా అనేది కొందరి సొంత ఆస్తి అయినట్టు మాట్లాడతారు మనవాళ్లు. ఆఫీసరు మొక్కలు పెంచితే సరదా, ఆఫీసరు భార్య బొమ్మలు వేస్తే సరదా. బొగ్గు ఎత్తి వచ్చిన లంబాడా ఆడమనిషి ఆరె పట్టుకుని తోలుకు బెజ్జాలు పొడిస్తే మాత్రం, "ఎంతకమ్ముతవ్?" అని అడుగుతారు. అమ్మనంటే పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తారు. శారద మొదట తన టిఫిన్ సంచికి పిడి కుట్టుకుంది. తర్వాత మొగుడు గోప్యా ఆటోలో చిరిగిన సీటు. తర్వాత జంపక్క కొడవలికి ఒర. ఆ ఒర చూసుకునే జంపక్క ఈ కోరిక కోరింది.

"మా ముసలాయన ఈసారి డోలు ఎత్తనంటుండు బిడ్డా. తాడు మెడను కోస్తాంది. నీ తోలుతోని ఏమన్న జేయరాదు?"

కోరిక చిన్నదే, వెనకున్న సంగతి పెద్దది. జూన్‌లో విత్తనం వేసేముందు ఆ గూడెం భూమి పండుగ చేసుకుంటుంది. తలకు దున్న కొమ్ములు కట్టుకుని ఆడేవాళ్లు తిరిగేది డోలు దెబ్బకు. ఆ పెద్ద డోలు మెడకు తగిలించుకుని పొద్దంతా వాయించేవాడు గూడెంలో సీతయ్య ఒక్కడే మిగిలాడు. సీతయ్య ఎత్తకపోతే ఆయన తమ్ముడి కొడుకు రవీందర్ డీజే తెస్తానంటున్నాడు. రవీందర్‌ది ట్రాక్టర్. ట్రాలీ నిండా డబ్బాలు పేర్చి ఇంటి పెంకులు ఎగిరేటట్టు మోగిస్తే అదీ పండుగేనట. కొమ్ములు కట్టుకున్న మనిషి సినిమా పాటకు ఎట్లా అడుగేస్తాడో రవీందర్ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

"పండుగ దగ్గరికొచ్చింది. ఇంకోటి కుడతవా, డీజేకు చెప్పమంటవా?" అని అడిగింది జంపక్క.

"డీజేకు చెప్తే నీతోని మాట్లాడ," అంది శారద.

*

రెండో పట్టీకి ఖమ్మంలో చెప్పుల సామాను అమ్మే కొట్టు నుంచి తోలు తెచ్చింది. నూనె జోలికి పోలేదు. ఎలుకలు తిన్న పట్టీ కంటే గొప్పగా ఉండాలన్న రోషంతో పొడుగునా మోదుగపూలు చెక్కింది. కుట్టు ఒత్తుగా, గింజ పక్కన గింజ పేర్చినట్టు వేసింది. సుత్తి చప్పుడుకు కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు నిర్మలాదేవి మెట్లెక్కి వచ్చింది.

"శారదా, ఏమీ అనుకోకమ్మా. ఆ తోలు వాసన మా పూజగదిలోకి వస్తోంది."

"తోలు మీ పూజగదిల ముందునుంచే ఉంది గదా ఆంటీ."

"అయ్యో రామ! మా పూజగదిలో తోలేంటి?"

"అంకుల్ భజనల వాయించే మద్దెల. దానికి రెండు దిక్కుల ఏం మూసిన్రు, అరిటాకులా?"

నిర్మలాదేవి మెట్లు దిగిపోయింది. గోప్యా అన్నం తింటూ పొలమారాడు. తోలు సోఫా మీద కూర్చోవచ్చు, తోలు చెప్పులేసుకుని గుడి దాకా పోవచ్చు, తోలు మూసిన మద్దెలతో రాముడిని నిద్ర లేపవచ్చు. ఆ తోలును కోసే చెయ్యి మాత్రం మెట్ల మీదే ఆగాలి. ఈ లెక్క ఎవరు వేశారో గానీ వాడి మొహం ఒకసారి చూడాలి.

మర్నాడు నిర్మలాదేవే చేతిసంచి పట్టుకుని మళ్లీ వచ్చింది. పిడి ఊడింది. "ఇది తోలు కాదులే, రెక్సిన్," అంది, దోషం లేదన్నట్టు. శారద నవ్వి రెండు రివెట్లు కొట్టి ఇచ్చింది. వాసన మాట మళ్లీ రాలేదు.

పూలపట్టీని శారద స్వయంగా గూడెం తీసుకెళ్లింది. సీతయ్య దాన్ని వేలితో తడిమి చూశాడు. ఎండిన మనిషి, నవ్వితే కళ్లు మూసుకుపోతాయి.

"పువ్వులు మంచిగున్నయ్ బిడ్డా. గివి బరువు మోస్తయా?"

"మోసేది తోలు మామా, పువ్వులు కావు."

సీతయ్య డోలు మెడకు తగిలించుకుని వాయించడం మొదలుపెట్టాడు. మొదట బాగానే ఉంది. ఇంతలో వాన జల్లు. తోలు నానింది. నానిన తోలు సాగింది. నడుం దగ్గరుండాల్సిన డోలు తొడల మీదికి, తొడల మీదినుంచి మోకాళ్ల మీదికి జారింది. సీతయ్య వంగి వంగి వాయిస్తూ ఆగిపోయాడు.

"డోలు వాయిస్తున్ననా, మోకాళ్లకు సబ్బు రుద్దుకుంటున్ననా?"

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. శారద కూడా నవ్వింది. ఆ నవ్వులోనే టప్పున ఒక చప్పుడు. ఒత్తుగా వేసిన కుట్టు వెంబడి తోలు తెగింది. బెజ్జాలు అంత దగ్గరగా పొడిస్తే తోలైనా స్టాంపుల కాగితంలా గీత వెంబడి చిరుగుతుంది. డోలు కిందపడకుండా రవీందర్ చేతులు చాపి పట్టుకున్నాడు.

"అక్కా, ఊకె తిప్పలెందుకు? డీజే వాడు అడ్వాన్స్ అడుగుతుండు."

"రెండు దినాలు ఆగు తమ్ముడూ."

"పండుగ ఆగదు గదా."

సీతయ్య ఆ మాట విననట్టే తెగిన పట్టీని చుట్ట చుట్టాడు. చుట్టడం అయ్యాక కూడా దాన్ని చేతిలోంచి కింద పెట్టలేదు. అదొక్కటే శారద గుండెలో గుచ్చుకుంది.

*

ఆటోలో తిరిగి వస్తుంటే గోప్యా అన్నాడు, "ముసలాయన నిలబడితే కొలత తీసుకున్నవ్. ఆయన నిలబడి వాయిస్తడా?"

"మరెట్ల వాయిస్తడు?"

"ఎనక్కి వాలుతడు. పక్కకు తిరుగుతడు. డోలు గుడ తిరుగుతది. నువ్వు పెండ్లికొడుకు సూటుకు కొలిచినట్టు కొలిచినవ్."

మొగుడి మాట నిజం కావడం కంటే చిరాకు ఇంకోటి ఉండదు.

దారి ప్లాంటులో దొరికింది. బెల్టు తెగితే పాత ముక్క కోసి పక్కన పడేశారు. శారద రోజూ దాని కిందే పనిచేస్తుంది, కానీ కోసిన అంచు ఏనాడూ చూడలేదు. ఆ రోజు వంగి చూసింది. పైన రబ్బరు, కింద రబ్బరు, మధ్యలో పొరలు పొరలుగా గుడ్డ. టన్నుల కొద్దీ బొగ్గును పైకి లాగేది కనబడే రబ్బరు కాదు. లోపల దాక్కున్న గుడ్డ. రబ్బరు ఆ గుడ్డకు చొక్కా, అంతే.

"ఏందక్కా, గట్ల చూస్తున్నవ్? ఇంటికి తీస్కపోతవా ఏంది?" అన్నాడు అటుగా వచ్చిన తుల్సీరాం, గేటు దగ్గర టిఫిన్ సంచులు వెతికే కాపలా మనిషి.

"తీస్కపోయిన. తలకాయల పెట్టుకున్న. గిప్పుడు ఎతుకు."

ఇంటికొచ్చి మంచం వైపు చూసింది. నవారు మంచం. నూలు నవారు. నలుగురు కూర్చున్నా సాగదు. గోప్యా చూస్తుండగానే మంచం కింది నుంచి ఒక వరస ఊడదీసింది.

"నేనెక్కడ పండాలె?"

"డీజే పెట్టెల మీద."

ఈసారి మూడో పట్టీ వెంటనే కుట్టలేదు, ముందు కొలిచింది. గూడెం పోయి సీతయ్యను వాయించమంది. తాడు కట్టుకునే వాయించాడు. శారద చుట్టూ తిరుగుతూ, ఆయన వాలినప్పుడు ఒకసారి, తిరిగినప్పుడు ఒకసారి టేపు పట్టుకుంది. సీతయ్యకు చక్కిలిగింత పుట్టింది.

"మేకను గుడ ఇన్నిసార్లు కొలవరు బిడ్డా!"

"మేకను కోసేటప్పుడు కొలుస్తరు. నిన్ను బతికియ్యనీకి కొలుస్తున్న. కదులు మామా, ఆగకు."

తాడు మెడ వెనక ఒకే గీత మీద పడుతోంది, బరువంతా అక్కడే. పైగా ఆయన తిరిగిన ప్రతిసారీ తాడు మెలి పడి ఇంకా బిగుస్తోంది. ఇదీ అసలు రోగం. పువ్వులు చెక్కితే పోయే రోగం కాదు.

తోలు వీపు భాగం ఏరుకుంది. మొదటి రెండుసార్లు పొట్టభాగం కోసి మోసపోయింది, బతికున్నప్పుడు సాగే చోటు చచ్చాక కూడా సాగుతుంది. రెండు పలచని తోళ్ల మధ్య నవారు పెట్టి జిగురు పూసింది. కుట్టుకూ కుట్టుకూ మధ్య వడ్లగింజంత చోటు వదిలింది. మెడ వెనక, భుజాల మీద పడే చోట పట్టీని అరచేయంత వెడల్పు ఉంచి, లోపల పాత గొంగడి ముక్క కుట్టింది. మెలి సంగతి గోప్యా తేల్చాడు. సంతలో బర్రె గొలుసులు రెండు కొనుక్కొచ్చాడు. ఒక్కోదాని మధ్యలో గిర్రున తిరిగే ముక్క ఒకటి ఉంటుంది. బర్రె ఎటు తిరిగినా గొలుసు మెలి పడదు.

"బర్రెకున్న సౌకర్యం సీతయ్య మామకు ఎందుకుండొద్దు?" అన్నాడు.

ఆ ముక్కలు కోసి రెండు చివర్లా తగిలించారు. నూనె బదులు జంపక్క తెచ్చిన తేనెపట్టు మైనం కరిగించి రుద్దింది శారద. నీళ్లు చల్లి చూసింది. చినుకులు నిలవకుండా జారిపోయాయి. చూడ్డానికి పట్టీ పరమ అసహ్యంగా ఉంది. లావుగా, మొరటుగా, పక్కన గొంగడి పోగులు కనబడుతూ. ఒక్క పువ్వు లేదు. శారదకు అంతకు ముందు కుట్టినవన్నీ దాని ముందు సిగ్గులేని బొమ్మల్లా తోచాయి.

"ఈసారి దూలానికి ఏలాడగట్టకు. ట్రంకు పెట్టెల పెట్టు," అని జంపక్కకు చెప్పి పంపింది.

*

పండుగ రోజు ఆఫ్ తీసుకుని, గోప్యాతో కలిసి పొద్దున్నే గూడెం చేరింది. మబ్బు పట్టి ఉంది. రవీందర్ ట్రాక్టర్ చెట్టు కింద ఉంది, ట్రాలీ ఖాళీ.

"డీజే ఏది తమ్ముడూ?"

"వద్దన్నడు పెద్దనాయన. 'మూడోది గుడ చూస్తా, తెగితే అప్పుడు తెచ్చుకో' అన్నడు. ట్రాక్టర్ రెడీగనే ఉంది," అన్నాడు రవీందర్, తాళంచెవి చూపిస్తూ.

సీతయ్య డోలు తగిలించుకున్నాడు. మొదటి దెబ్బ కొట్టాడు. కొమ్ములవాళ్లు లేచారు. ఆడవాళ్లు చేతులు పట్టుకుని వరస కట్టారు. సీతయ్య వెనక్కి వాలాడు. డోలు లేచింది. పక్కకు తిరిగాడు, డోలు తిరిగింది, పట్టీ మెలి పడలేదు. శారద కళ్లు కొమ్ముల మీద లేవు, ఆడవాళ్ల అడుగుల మీద లేవు. పట్టీ చివర్ల మీదే ఉన్నాయి.

వాన వచ్చింది. జల్లు కాదు, వానే. ఎవరూ ఆగలేదు. శారద చున్నీ నోట్లో కుక్కుకుని చూస్తోంది. డోలు నడుం దగ్గరే ఉంది. ఇంకో చుట్టు. నడుం దగ్గరే ఉంది. సీతయ్య ఆమె వైపు చూసి, వాయిస్తూనే, తన మోకాళ్ల వైపు కళ్లతో చూపించి తల అడ్డంగా ఊపాడు. సబ్బు అక్కర్లేదన్నమాట. శారద చున్నీ తీసేసి గట్టిగా నవ్వింది.

వాన తగ్గాక సీతయ్య కూర్చుని నీళ్లు తాగాడు. డోలు పక్కన పెట్టాడు. రవీందర్ చేతిలో తాళంచెవి ఆడిస్తూ వచ్చి, పట్టీని చూశాడు. వంగి వెనక్కి తిప్పి గొంగడి మీద వేలు నొక్కాడు. తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ఎవరూ చూడట్లేదనుకుని డోలు ఎత్తి మెడకు తగిలించుకున్నాడు. చెయ్యి దానంతటదే లేచింది. వేసిన దెబ్బ సరిగ్గానే పడింది.

"నీకు వాయించుడు వస్తదా?" శారద ఆశ్చర్యపోయింది.

"చిన్నప్పుడు పెద్దనాయనే నేర్పిండు. మానేసిన."

"ఎందుకు?"

రవీందర్ చొక్కా కాలరు పక్కకు లాగి మెడ చూపించాడు. పాత గీత ఒకటి, తాడంత సన్నగా. "కోస్తది అక్కా. పుండయితది. దవాఖానాల చూపించుకున్న. మా దోస్తులందరు గుడ గందుకే మానేసిన్రు."

అంతే సంగతి. గూడెం కుర్రాళ్లకు పాత పద్ధతులు అక్కర్లేదనీ, సెల్‌ఫోన్లు చెడగొట్టాయనీ ఎన్ని సభల్లో ఎంతమంది ఏడ్చి ఉంటారు! మెడ కోసే తాడు సంగతి ఒక్కడూ అడగలేదు. మెడ చూపించమని అడగాలంటే ముందు వేదిక మీది నుంచి కిందికి దిగి నిలబడాలి కదా.

"బిగుతుగుంది. నాకు ఇంకో బెజ్జం కావాలె," అన్నాడు రవీందర్, బకిల్ దగ్గర పొట్ట లోపలికి పీల్చుకుంటూ.

శారద సంచిలోంచి పంచ్ తీసింది. పట్టీ అంచు పట్టుకుని చోటు చూసుకుంటుంటే, వెనకనుంచి సీతయ్య కేక వేశాడు.

"ఏయ్, ఆగు! నేనింకా సావలే!"

"నీ బెజ్జం నీకే ఉంటది మామా. గిది వానిది."

"వాని పొట్టకు ఒక్కటి సాలదు. రెండు కొట్టు," అంది జంపక్క. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. రవీందర్ కూడా.

శారద పంచ్ నొక్కింది. గుండ్రటి తోలు ముక్క, దాని వెనకే నవారు ముక్క ఊడి బురదలో పడ్డాయి. బెజ్జం శుభ్రంగా వచ్చింది. రవీందర్ బకిల్ పెట్టుకోబోయాడు. సీతయ్య లేచి వచ్చి, పట్టీ లాక్కుని, తన బెజ్జంలోనే పెట్టుకుని, డోలు ఎత్తాడు.

"రేపు నువ్వు," అన్నాడు. "ఇయ్యాల నాది."